అప్పు అనే మొదటి పాఠం

బీఏ ఫిలాసఫీ మొదటి సెమిస్టర్లో ఎథిక్స్ మొదటి క్లాసు. మేడమ్ బోర్డు మీద రైలుపట్టాలు గీశారు. ఒక పట్టా మీద అయిదు నిలువు గీతలు, పక్క పట్టా మీద ఒకటే గీత. గీతలంటే మనుషులు. బ్రేకులు పోయిన ట్రాలీ వస్తోంది. లివరు నీ చేతిలో ఉంది. లాగితే ఒకడు పోతాడు, లాగకపోతే అయిదుగురు పోతారు. లాగేవాళ్ళు చెయ్యెత్తండి.

దాదాపు అందరం ఎత్తాం. తర్వాత ఆ ఒక్కడూ మీ నాన్న అయితే? అయిదుగురూ దొంగలైతే? లివరు బదులు వంతెన మీంచి ఒక లావుపాటి మనిషిని తోసెయ్యాల్సి వస్తే? చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి, క్లాసంతా నవ్వులు. ఢిల్లీలో అది నా మొదటి నెల. ఇంగ్లీషులో నోరు విప్పడానికి భయపడే రోజులు. చెయ్యెత్తితే చాలు, మాట్లాడక్కర్లేదు కాబట్టి ఆ క్లాసు నాకు బాగా నచ్చింది.

రెండో వారం ప్లేటో 'రిపబ్లిక్' మొదటి భాగం. సెఫలస్ అనే ముసలి ధనవంతుడి ఇంట్లో సంభాషణ మొదలవుతుంది. డబ్బు వల్ల నీకు జరిగిన పెద్ద మేలేమిటని సోక్రటీస్ అడుగుతాడు. దేవుళ్ళకి బలులూ మనుషులకి డబ్బూ బాకీపడి భయంతో పరలోకానికి పోవాల్సిన పని ఉండదు, అదే మేలు అంటాడు ముసలాయన. అయితే న్యాయమంటే నిజం చెప్పడం, తీసుకున్నది తిరిగిచ్చెయ్యడం, అంతేనా అని సోక్రటీస్ పట్టుకుంటాడు.

సరిగ్గా ఆ వాక్యం దగ్గరున్నప్పుడే మా ఇంట్లో గొడవ మొదలైంది. నాన్న ఆర్టీసీ కండక్టరు. తోటి ఉద్యోగి ఒకాయనకి ఒక ఫైనాన్స్ కంపెనీలో ష్యూరిటీ సంతకం పెట్టాడు. ఆయన కొన్ని నెలలు కట్టి మానేశాడు. వాళ్ళు నాన్న మీద పడ్డారు. 'మనం తిన్నామా, తాగామా, మనమెందుకు కట్టాలి?' అని అమ్మ. 'సంతకం పెట్టానుగా' అని నాన్న. రోజూ రాత్రి ఫోన్లో ఇవే రెండు వాక్యాలు. పొద్దున్నే క్లాసులో ఇదే ప్రశ్న, పదిహేను మార్కులకి: తీసుకున్నది తిరిగివ్వడం అన్ని వేళలా న్యాయమేనా, చర్చించండి.

నాకప్పుడు అర్థం కానిదేమిటంటే, ఇంట్లో అంత బరువుగా ఉన్న ప్రశ్న క్లాసులోకి వచ్చేసరికి అంత తేలిగ్గా ఎలా అయిపోతోందీ అని. ఈ వ్యాసం దాని గురించే. ఒక కథా సంకలనాన్ని సమీక్షించినట్టు డిగ్రీ స్థాయి నీతిశాస్త్రం సిలబస్‌ని సమీక్షించడం అన్నమాట. ఆ సిలబస్‌లో లేని ఒక తెలుగు కథని దాని పక్కన పెట్టి చదవడం కూడా.

* * *

నిజానికి ఎథిక్స్ పేపర్ నిండా కథలే. మనం వాటిని కథలనుకోం, థాట్ ఎక్స్‌పెరిమెంట్లు అనుకుంటాం. కానీ వాటికో ప్రక్రియ ఉంది, లక్షణాలున్నాయి. పాత్రలకి పేర్లుండవు. ఊరుండదు. నిన్న ఏం జరిగిందో ఉండదు, రేపు ఏం జరుగుతుందో అనవసరం. రెండే దారులుంటాయి, మూడోది వెతికితే 'అది ఒప్పుకోం' అంటారు. అన్నిటికంటే ముఖ్యం, కథంతా మధ్యమపురుషలో నడుస్తుంది. నువ్వు నడిచి వెళ్తున్నావు, నువ్వు చూశావు, నువ్వేం చేస్తావు?

ఇలా అన్నీ తీసెయ్యడం తప్పేం కాదు. భౌతికశాస్త్రంలో ఘర్షణ లేని తలాన్ని ఊహించుకుంటాం కదా, అలాంటిదే. చంపడానికీ చావనివ్వడానికీ తేడా ఉందా అన్నది తేలాలంటే మిగతావన్నీ సమానం చేసి చూడాలి. ఆ పద్ధతికున్న శక్తిని నేను తక్కువ చెయ్యను. మా క్లాసులో పదిమంది మతాలు, కులాలు, రాష్ట్రాలు వేరైనా ఒకే ప్రశ్న మీద వాదించుకోగలిగామంటే ఆ ఖాళీతనం వల్లే.

కానీ ఈ కథల మూలాలు చదివినప్పుడు నేను చిన్న షాక్ తిన్నాను. ట్రాలీ కథకి మూలం 1967లో ఫిలిప్పా ఫుట్ రాసిన వ్యాసం. ఆ వ్యాసం ట్రాము గురించి కాదు, గర్భస్రావం గురించి. బ్రిటన్‌లో గర్భస్రావ చట్టం వచ్చిన సంవత్సరం అది. తల్లి ప్రాణమా, బిడ్డ ప్రాణమా అన్న చోట కొందరు వాడే ఒక పాత వాదాన్ని పరీక్షించడానికి ఆమె వరసగా ఇచ్చిన ఉదాహరణల్లో ట్రాము ఒకటి. ఇంకొకటి పీటర్ సింగర్ చెరువు కథ. దారిన పోతుంటే చెరువులో పసివాడు మునిగిపోతున్నాడు, దిగితే నీ బట్టలు పాడవుతాయి, దిగుతావా? ఇది 1972లో అచ్చయిన వ్యాసంలోది. ఆ వ్యాసం చెరువుతో మొదలవదు. 1971 నవంబరులో, తూర్పు బెంగాల్లో తిండీ నీడా మందూ లేక చచ్చిపోతున్న మనుషులతో మొదలవుతుంది. బంగ్లాదేశ్ యుద్ధం, సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చిన లక్షలాది కాందిశీకులు. ఆ వ్యాసం వాళ్ళ కోసం.

క్లాసులో మాకు చెరువు మిగిలింది, తూర్పు బెంగాల్ పోయింది. ట్రాము మిగిలింది, గర్భవతి పోయింది. కలకత్తా నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా బ్యాచ్‌లో ఉండేది. వాళ్ళ అమ్మమ్మ ఆ ఏడాదే సరిహద్దు దాటి వచ్చిందట. సింగర్ వ్యాసం పూర్తిగా చదివాకే ఆ సంగతి మాకు చెప్పింది. సెమిస్టరంతా చెరువు గురించి వాదించాం, చెరువులో ఉన్నవాళ్ళ మనవరాలు మా పక్క బెంచీలోనే ఉంది.

కాబట్టి నా ఫిర్యాదు ఫుట్ మీదా కాదు, సింగర్ మీదా కాదు. వాళ్ళ వ్యాసాల్లో చరిత్ర ఉంది. పాఠంగా మారే దారిలో ఎక్కడో అది రాలిపోయింది. పరీక్షకి పనికొచ్చే ముక్క మిగిలింది.

* * *

ఆ 'నువ్వు' గురించి ఇంకొంచెం. ట్రాలీ కథలో నువ్వు లివరు దగ్గరుంటావు. చెరువు కథలో గట్టు మీదుంటావు. పట్టాల మీద నువ్వు ఎప్పుడూ ఉండవు, నీళ్ళలో నువ్వు ఎప్పుడూ ఉండవు. నీతి అంటే ఇంకొకళ్ళ ప్రాణం గురించి చేతిలో అధికారం ఉన్నవాడు తీసుకునే నిర్ణయం అన్న భావన మనకి తెలియకుండానే ఎక్కేస్తుంది.

మన దగ్గర దీనికింకా పెద్ద రూపం ఉంది. తెలుగు కుర్రాళ్ళలో నీతిశాస్త్రాన్ని ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్లలో చదివేవాళ్ళ కంటే హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివేవాళ్ళే ఎక్కువేమో. 2013 నుంచి సివిల్స్ మెయిన్స్‌లో ఎథిక్స్‌కి విడిగా ఒక పేపర్ వచ్చింది, 250 మార్కులు. అందులో కాంట్ ఉంటాడు, గాంధీ ఉంటాడు, సగం పేపర్ కేస్ స్టడీలు. వాటిలో మామూలుగా నువ్వొక అధికారివి. ఆక్రమణలు తొలగించాలి, అక్కడ పేదలున్నారు, పైనుంచి ఒత్తిడి ఉంది, నీ ముందున్న మార్గాలేమిటి? నేను ఫిలాసఫీ చదువుతున్నానని తెలిసి మా బాబాయి సంతోషపడింది కూడా ఈ పేపర్ చూసే. 'పోనీలేరా, ఎక్కడో ఒకచోట పనికొస్తుంది.' ఆక్రమణ తొలగింపులో ఇల్లు పోయేవాడివి నువ్వే, నీ ముందున్న మార్గాలేమిటి అని అడిగే ప్రశ్నపత్రం నేనింకా చూడలేదు.

ఒక గొప్ప మినహాయింపు మాత్రం ఉంది. జూడిత్ జార్విస్ థామ్సన్ 1971లో రాసిన కథ. నిద్రలేచి చూస్తే నువ్వు మంచానికి కట్టేసి ఉంటావు, నీ మూత్రపిండాలకి ఒక ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుణ్ణి తగిలించి ఉంటారు. తొమ్మిది నెలలు ఇలా ఉండాలి, విడదీస్తే అతను చచ్చిపోతాడు. ఇక్కడ 'నువ్వు' గట్టు మీద లేవు, మంచం మీద ఉన్నావు. నా క్లాసులో చేతులెత్తడం ఆగిపోయి మాటలు మొదలైంది ఆ రోజే. అమ్మాయిలు మాట్లాడారు, మేం విన్నాం. ఆలోచనా ప్రయోగం అనే ప్రక్రియలోనే ఈ అవకాశం ఉంది, మనం దాన్ని తక్కువ వాడుకున్నాం.

* * *

ఇప్పుడు అప్పు దగ్గరకొద్దాం. సిలబస్ మొత్తంలో ట్రాలీ కంటే, చెరువు కంటే పాత కథ అదే. మళ్ళీ మళ్ళీ వచ్చే కథ కూడా అదే.

ప్లేటో తర్వాత డేవిడ్ హ్యూమ్. ఒకాయన నాకు కొన్ని రోజుల్లో ఇచ్చేయమని డబ్బు అప్పిచ్చాడు, గడువు వచ్చింది, ఇవ్వడానికి నాకు కారణం ఏమిటి? ఇదీ ఆయన ప్రశ్న. ఏ సమాధానం ఇచ్చినా అది పనిచెయ్యని సందర్భం చూపిస్తాడు. ఇచ్చినవాడు దుర్మార్గుడైతే? పిసినారి అయితే? నాకే అవసరం తరుముకొస్తుంటే, నా కుటుంబం ఇబ్బందిలో ఉంటే? జాలి గానీ ప్రేమ గానీ ఇక్కడ పనికిరావు. అందుకని న్యాయం మనుషులు కలిసి కట్టుకున్న ఏర్పాటు అంటాడు. ఒక్కో సందర్భంలో ఆ నియమం నష్టం చెయ్యొచ్చు, కానీ మొత్తం ఏర్పాటు సమాజానికీ, అందులో ప్రతి ఒక్క మనిషికీ మేలు చేస్తుంది. 'ప్రతి ఒక్క మనిషికీ' అన్న ముక్కని గుర్తుపెట్టుకుందాం.

1785లో కాంట్. అవసరంలో ఉన్నవాడొకడు తీర్చలేనని తెలిసీ తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకోవచ్చా? అందరూ అలా చేస్తే మాట అన్నదానికే అర్థం పోతుంది, ఎవరూ నమ్మరు. కాబట్టి కూడదు. నా పదిహేను మార్కుల జవాబుకి వెన్నెముక ఇదే.

ఆ తర్వాత 1887లో నీషే. ఈ వరసంతటినీ తిరగేసి, జర్మన్‌లో 'తప్పు' అన్న మాటా 'అప్పు' అన్న మాటా ఒక్కటే కదా అంటాడు. షుల్డ్. అంతరాత్మ అని మనం గొప్పగా చెప్పుకునేది బాకీదారుడి శరీరం మీద బాకీ వసూలు చేసుకోవడం నుంచి పుట్టింది. బాకీదారుణ్ణి ముక్కలు కోసుకునే హక్కు రోమన్ల పన్నెండు ఫలకాల చట్టంలో ఉండేదని గుర్తుచేస్తాడు. జర్మన్‌లో ఒకే మాట, తెలుగులో ఒక అక్షరం తేడా: అప్పు, తప్పు. ఇది కేవలం ప్రాసే, వ్యుత్పత్తి కాదు. కానీ ఆ రాత్రి అది తట్టినప్పుడు నాకు నవ్వు రాలేదు.

* * *

రెండో సెమిస్టర్ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు కాళీపట్నం రామారావు 'యజ్ఞం' మళ్ళీ చదివాను. ఇంటర్‌లో ఒకసారి చదివి, చివర చూసి జడుసుకుని పక్కన పెట్టేసిన కథ. 1960ల నాటిది. ఆ కథ మీద ఎన్ని వాదాలు, ఎన్ని వ్యాసాలు వచ్చాయో మీకు తెలుసు. వాటిని మళ్ళీ తవ్వడం నా ఉద్దేశం కాదు. ఎథిక్స్ పేపర్ రాసొచ్చిన పంతొమ్మిదేళ్ళవాడికి అందులో ఏం కనపడిందో చెప్తాను.

అది ఒక అప్పు పంచాయితీ. శ్రీకాకుళం వైపు ఒక ఊరు, సుందరపాలెం. దళిత రైతు అప్పల్రాముడు షావుకారు గోపన్నకి బాకీ. తీర్పు చెప్పాల్సినవాడు శ్రీరాములునాయుడు, ఊరిని బాగుచేసిన పెద్దమనిషిగా పేరున్నవాడు. మూడు పాత్రలే ముఖ్యం, ముగ్గురిలో ఒక్కరూ దుర్మార్గుడు కాదు. గోపన్న మన సినిమాల్లో వడ్డీవ్యాపారి లాంటివాడు కాదు. నాయుడు కళ్ళెర్రజేసే మోతుబరి కాదు, ధర్మం మాట్లాడతాడు, ఓపిగ్గా మాట్లాడతాడు. అప్పల్రాముడు అప్పు తీసుకోలేదని అనడు. అప్పు నిజం. మాట నిజం. ఇక చర్చించడానికేముంది?

నాకు నాయుడు బాగా తెలిసినవాడిలా అనిపించాడు. ఎందుకో కాసేపటికి గానీ తట్టలేదు. మా క్లాసులో మంచి మార్కులు వచ్చే విద్యార్థి ఆయన. నేనే. తీసుకున్నావా? తీసుకున్నాను. ఇస్తానన్నావా? అన్నాను. మాట నిలబెట్టుకోకపోతే రేపు ఎవరు ఎవర్ని నమ్ముతారు? ఈ మూడు మెట్లూ నా జవాబులో ఉన్నాయి. నాయుడు కాంట్‌ని చదవలేదు, అయినా తర్కంలో ఎక్కడా తప్పటడుగు వెయ్యడు. ఇంకా విచిత్రం, చదువుతున్న నేను కూడా ఆయనతోపాటు తలూపుతూ వెళ్ళాను. కారా మాస్టారు మనల్ని పంచాయితీ అరుగు మీద, పెద్దల పక్కనే కూచోబెడతారు. లివరు పక్కన.

అప్పల్రాముడి వైపు నుంచి వినిపించేది ఖండన కాదు, చరిత్ర. ఎలా బతికాం, ఊరు ఎలా మారింది, ఎంత కష్టపడితే ఏం మిగిలింది, అప్పు ఎలా పెరిగింది. తర్కం అడిగినదానికి అది జవాబు కాదు. తీసుకున్నావా లేదా అన్నదానికి అవును కాదు అనేవే జవాబులు. నాయుడు వినడానికి సిద్ధంగానే ఉన్నాడు, కానీ విన్నదాన్ని పెట్టుకోడానికి ఆయన వాదంలో గది లేదు. ఇందాక హ్యూమ్ దగ్గర గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇక్కడ పనికొస్తుంది. మొత్తం ఏర్పాటు ప్రతి ఒక్క మనిషికీ మేలు చేస్తుందన్నాడు కదా. ఊరు బాగుపడింది, రుజువుగా నాయుడు ఉన్నాడు. అప్పల్రాముడు బాగుపడలేదు, రుజువుగా అప్పు ఉంది. 'నాకూ మేలు జరిగితేనే కదా ఆ నియమం నన్ను కట్టేది' అని అప్పల్రాముడు అనడు. అతనికి ఆ వాక్యం రాదనుకోను. అనడానికి అతని మర్యాద ఒప్పుకోదు. చివరికి అతను ఒప్పుకుంటాడు. ఒప్పుకోవడమే ఆ కథలో అతని నీతి, అతని గౌరవం, అతని ఓటమి.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. అతని కొడుకు సీతారాముడు తన బిడ్డని తన చేత్తోనే నరికి చంపుతాడు. తాత ఒప్పుకున్న బాకీకి మనవడు బానిస కాకూడదని.

చిన్నప్పుడు నాకు ఆ ముగింపు అతిగా అనిపించింది. ఈసారి అప్పటికప్పుడు లేచి 'రిపబ్లిక్' తీశాను. సెఫలస్‌కి సోక్రటీస్ చిన్న చిక్కుప్రశ్న వేస్తాడు. స్నేహితుడు నీ దగ్గర ఆయుధం దాచుకున్నాడు. తర్వాత మతి చలించి వచ్చి ఇచ్చెయ్యమంటున్నాడు. తీసుకున్నది తిరిగివ్వడమే న్యాయమైతే ఇచ్చేస్తావా? ముసలాయన ఒప్పుకుని, వాదాన్ని కొడుకు పోలెమార్కస్‌కి అప్పగించి, నవ్వుతూ లేచి వెళ్ళిపోతాడు. ఎక్కడికి? బలి కార్యక్రమం చూసుకోవాలట. యజ్ఞానికి వెళ్ళిపోయాడు! నీ ఆస్తికి వారసుణ్ణి నేనే కదా, వాదానికీ నేనే అన్నట్టు పోలెమార్కస్ సరదాగా అంటాడు. ఇంత చదివినా నా కంటపడని వాక్యం అది. తండ్రి బాకీని కొడుకు అందుకోవడం, తండ్రి యజ్ఞానికి వెళ్ళడం. పాశ్చాత్య నీతిశాస్త్రం మొదటి పేజీల్లోనే ఉంది, సరదా మాటగా.

ఆ ఇల్లు ఎలాంటిదో కూడా మాకు చెప్పలేదు. సెఫలస్ కుటుంబానిది డాళ్ళు తయారుచేసే వ్యాపారం. ఏథెన్స్‌లో ముప్పైమంది నియంతల పాలనలో, క్రీ.పూ. 404 ప్రాంతంలో, ఆ ఆస్తిని లాక్కున్నారు. దాంట్లో 120 మంది బానిసలున్నారని అతని ఇంకో కొడుకు లైసియస్ తన ప్రసంగంలో లెక్క చెప్తాడు. పోలెమార్కస్‌ని విషం తాగించి చంపారు. ప్లేటో ఇదంతా జరిగాక రాశాడు, చదివేవాళ్ళకి తెలుసు. అంటే న్యాయం గురించి నవ్వుతూ మాట్లాడుకుంటున్న ఆ ఇంటికి ఏం జరగబోతోందో పాఠకుడికి ముందే తెలుసు. ఎవరికీ ఏమీ బాకీ లేనని ముసలాయన నిశ్చింతగా ఉన్నాడు. ఆ లెక్కలో 120 మందికి బాకీ ఉన్నట్టు లేదు. మాకు పాఠంలో మిగిలింది మతి చలించిన స్నేహితుడూ, అతని ఆయుధమూ. అదీ ఒక ట్రాలీ కథే అయిపోయింది.

కారా మాస్టారు ప్లేటోని దృష్టిలో పెట్టుకున్నారని నేననను. ఆయనకి ఆ అవసరం లేదు. మన సంప్రదాయంలోనే ఇంకా గట్టి ముడి ఉంది. పుట్టుకతోనే మూడు రుణాలు ఉంటాయని తైత్తిరీయ సంహిత చెబుతుంది. ఋషుల రుణం చదువుతో తీరాలి, దేవతల రుణం యజ్ఞంతో తీరాలి, పితృరుణం సంతానంతో తీరాలి. ఆ మాట బ్రాహ్మణుడి గురించి చెప్పింది. దాన్ని పట్టుకుని కథ పేరు మళ్ళీ చూడండి. చదువు చెప్పని కుటుంబం. యజ్ఞం చెయ్యనివ్వని కుటుంబం. వాళ్ళు చేసిన ఒకే ఒక్క యజ్ఞంలో ఆహుతి సంతానమే. పితృరుణం తీర్చడానికి పుట్టిన బిడ్డని, తండ్రి చేసిన రుణం నుంచి తప్పించడానికి చంపాల్సి వచ్చింది. రుణం అనే మాటని ఇంత నిలువునా చీల్చిన రచన నా సిలబస్‌లో ఇంకోటి లేదు. నీషే దగ్గర ముక్కలైన శరీరం ఒక వాదానికి సాక్ష్యం. ఇక్కడ అది అప్పల్రాముడి మనవడిది.

* * *

ఇక్కడ ఒక సులువైన ముగింపు సిద్ధంగా ఉంది. ఫిలాసఫీ పొడి, కథ తడి, కాబట్టి కథలే చదవండి అని. నేనలా అనను. ఎందుకంటే కాంట్, హ్యూమ్ చదవకపోతే నాకు నాయుడు అర్థమయ్యేవాడు కాదు. ఆయన్ని ఇంటర్‌లో మామూలు విలన్ అనుకున్నాను. ఆయన వాదం ఎంత గట్టిదో తెలిశాకే, ఆ గట్టి వాదం చివర ఒక శవం ఎందుకుందో అన్న ప్రశ్న భయపెట్టింది. విలన్ చేసిన హత్య అయితే కన్నీళ్ళు పెట్టుకుని పుస్తకం మూసెయ్యొచ్చు. తర్కబద్ధంగా, సభామర్యాదగా, అందరూ ఒప్పుకున్నాక జరిగింది కాబట్టే నిద్రపట్టదు.

ఇంకో సులువైన ముగింపు: వ్యవస్థ అన్యాయం కాబట్టి బాకీ చెల్లదు. మా హాస్టల్లో సగంమంది ఇదే అన్నారు. కథ దాన్ని కూడా ఒప్పుకోదు. చెల్లదని అప్పల్రాముడే అనలేదు. సీతారాముడు చేసింది విడుదల కాదు, అది ఎవర్నీ విడిపించలేదు. బాకీ పత్రాలకి నిప్పు పెట్టినవాడికీ, బిడ్డని నరికినవాడికీ మధ్య ఎంత దూరం ఉందో కారా మాస్టారికి తెలుసు. రెండోదే ఎందుకు రాశారన్నది మన ముందు వదిలేశారు.

అయితే ఈ కథతో నాకొక పేచీ ఉంది, అది సిలబస్‌తో ఉన్న పేచీయే. 'యజ్ఞం'లో కూడా చివరికి ఒక చెయ్యి, ఒక కత్తి, దాని కింద మాట్లాడలేని ఒక ప్రాణం. బాకీదారుడి కొడుకుని నిర్ణయించేవాడిగా నిలబెట్టడానికి కథ ఒక పసివాణ్ణి పట్టాల మీద పడుకోబెట్టింది. ఆ బిడ్డని కన్నతల్లి వైపు నుంచి చదవడానికి కథ పెద్దగా చోటివ్వదు. రుణం తాతది, ఆగ్రహం తండ్రిది, ప్రతీక పాఠకుడిది. ఆమెది ఏమిటి? ఇన్నేళ్ళ చర్చలోనూ ఈ ప్రశ్న పక్కకే ఉండిపోయిందని నాకనిపిస్తుంది. థామ్సన్ మంచం మీద పడుకోబెట్టి అడిగిన ప్రశ్న ఈ కథని కూడా అడగాలి. ఫిలాసఫీ చదివినందుకు కథకి మనం తిరిగివ్వగలిగింది అదే.

కాబట్టి నా కోరిక చిన్నది. డిగ్రీ ఎథిక్స్ పేపర్లో అప్పు అనే పాఠం ఒకటి ఉండాలి. అందులో 'రిపబ్లిక్' మొదటి భాగం, హ్యూమ్ నాలుగు పేజీలు, కాంట్ ఒక్క పేజీ, 'యజ్ఞం' మొత్తం. సింగర్ వ్యాసం చదివితే మొదటి పేజీ నుంచి చదవాలి, చెరువు దగ్గర్నుంచి కాదు. ప్రశ్నపత్రంలో 'నువ్వేం చేస్తావు' పక్కన ఇంకో ప్రశ్న ఉండాలి: ఈ కథలో నిన్నెక్కడ నిలబెట్టారు, ఇంకెక్కడ నిలబెడితే జవాబు మారుతుంది? శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయంలో ఇలాంటి పాఠానికి పనికొచ్చే కథలు బీరువాలకి బీరువాలు ఉన్నాయి.

మా ఇంటి సంగతి చెప్పకుండా ముగించలేను. నాన్న మొత్తం కట్టేశాడు. నేను మూడో ఏడాదిలో ఉండగా, ఆఖరి వాయిదాకి స్థలం అమ్మారు. తర్వాత చాన్నాళ్ళకి, ఈ వ్యాసం రాద్దామనుకున్నప్పుడు, నాన్నని అడిగాను. ఎందుకు కట్టావు, భయమా, పరువా, కాంట్ చెప్పినట్టు మాట మీద గౌరవమా? కాంట్ ముక్క అనలేదులెండి. నాన్న కాసేపు ఆలోచించి 'సంతకం నాదే కదరా' అన్నాడు. నాకు ఆ జవాబు మీద ఇప్పటికీ గౌరవమే. ఆయన అప్పల్రాముడి కోవలో మనిషి, ఆ కోవ మనుషుల్ని వెక్కిరించే తెలివితేటలు నాకొద్దు.

వంటింట్లోంచి అమ్మ వింటోంది. ఆ స్థలం తాతయ్య ఆమెకి పసుపుకుంకుమల కింద రాసిచ్చింది. రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టింది ఆమె. ఇంత చదువూ చదివి, అప్పు గురించి ఇన్ని పేజీలు రాసి, ఆ సంతకం ఎవరిదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

'నీ సంతకానికి నా సంతకం కట్టారు' అంది అమ్మ. 'ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగారా?'